దొరగారి తోటలో గుమ్మడికాయ మాయం

“నేరం పాతాళంలో దాక్కున్నా సరే, ఈ అబ్బులు చూపు పాతాళగరిగె! దిగిందంటే దొంగని తగిలించుకునే పైకొస్తాది!”

కారు డ్రైవరు అబ్బులు నల్లకళ్ళద్దాలు తగిలించుకుని ఈ ప్రకటన చేయగానే వంటమనిషి గంగారత్నం నెత్తి కొట్టుకుంది. ఇద్దరిదీ కోనసీమే, అతని సంగతి ఆమెకు తెలుసు. కడప తోటమాలి తిమ్మయ్య మాత్రం నిజంగానే ఏడుస్తున్నాడు.

కువైట్ దేశపు ఫహాహీల్‌లోని ఆ ఇంగ్లీషు దొర ఏటా తన పెరట్లో తమ ఊరి చర్చి సంబరం జరిపిస్తాడు. కేకుల పోటీ, గడ్డిబొమ్మల పోటీ, అన్నిటికీ మించి పెద్ద కూరగాయ పోటీ. దానికోసం తిమ్మయ్య ఇసుకలో బిడ్డను సాకినట్టు సాకిన గుమ్మడికాయ తీరా సంబరం రోజున మాయమైంది. తిమ్మయ్యే అమ్ముకున్నాడని దొర అనుమానం. టీ వేళకు దొరక్కపోతే ఇండియా పంపేస్తానన్నాడు.

“ఈడ ఉండనిచ్చే ఇఖామా కొట్టేస్తే నా పిల్లోల్లు యేం తినాలన్నా?”

“నేనుండగా నీకు బెంగెందుకు! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని పెద్దోళ్ళు ఊరికే అన్నారా? అదే నా పరీక్ష!”

పనివాళ్ళందరినీ నిలబెట్టి, అబ్బులు బల్లెక్కి “గుమ్మడికాయల దొంగా!” అని గర్జించాడు.

రాత్రి దుమ్ముగాలి కొట్టింది. చెట్ల మీంచి ఇంకా దుమ్ము రాలుతోంది. తిమ్మయ్య భుజాలు దులుపుకున్నాడు, గంగారత్నం దులుపుకుంది, బల్ల మీద అబ్బులు కూడా దులుపుకున్నాడు. అనుమానితుల్లో తానూ చేరిపోవడంతో కేసు జటిలమైంది.

అప్పుడు కనిపించాడు, మూల కుర్చీలో టోపీవాడు. ఒంటినిండా దుమ్మున్నా చెయ్యి కదపడే!

“చూశావా తిమ్మయ్యా, ఆరితేరిన నేరస్తుడు! ఏయ్ మిస్టర్, పలకవేం?”

కాలరు పట్టి లాగాడు. తలకాయ ఊడి చేతికొచ్చింది.

“అయ్యబాబోయ్! హత్య!”

అబ్బులు వెల్లకిలా పడ్డాడు, గడ్డిబొమ్మ మొండెం అతని మీద పడింది. బొజ్జ చిరిగి గుమ్మడికాయ దొర్లుకుంటూ బయటికొచ్చింది.

లేవదీసే వంకతో గంగారత్నం అతని చెవిలో చెప్పింది. “అంతమంది కళ్ళు పడితే దిష్టికి పగిలిపోద్దని నేనే దాచానురా. పోటీ వేళకి తీద్దారనుకున్నాను. దొర కేకలేసేసరికి భయంతో నోరు పెగల్లేదు.”

ఇంతలో దొర పరుగెత్తుకొచ్చాడు. “శభాష్ అబ్బులు! హూ ఈజ్ ది థీఫ్?”

అబ్బులు జీవితమంతా ఎదురుచూసిన ప్రశ్న అది. గంగారత్నం కళ్ళు గట్టిగా మూసుకుంది.

“దిస్ మ్యాన్, సార్,” అంటూ గడ్డి తలకాయను దొర చేతిలో పెట్టాడు.

దొర పగలబడి నవ్వి తిమ్మయ్య వీపు తట్టాడు. తిమ్మయ్య కాయనెత్తుకుని పోటీ బల్లకేసి పరుగెత్తాడు.

గంగారత్నం మొదటి కేకు ముక్క తెచ్చి అబ్బులు నోట్లో పెట్టింది.

“బుర్ర లేకపోతే లేకపోయింది గానీ, మనసుందిరా నీకు.”