ఎనిమిదో కోట తలుపు

చెబితే నవ్వుతారు. నవ్వండి, పర్వాలేదు. పదిమందిని నవ్వించడం తప్ప ఈ జన్మలో నా చేతనయ్యే పని ఇంకేదీ మిగల్లేదు.

నా పేరు ఆర్. ముకుందన్. పుదుచ్చేరిలో, తట్టాంచావడి పారిశ్రామిక పేటలో పంపుల విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి ఉంది. అందులో స్టోర్సు ఇన్‌ఛార్జిని. నట్లు, బోల్టులు, వాషర్లు అన్నీ నా అధీనంలో ఉంటాయి. ఇంట్లో మాత్రం నా అధీనంలో ఉండేది నా చెప్పుల జత ఒక్కటే. అదీ వాకిలి బయట ఉన్నంతసేపు.

ఇల్లు కదిర్కామంలో. నా భార్య పేరు లోకేశ్వరి. లోకం సంగతి నాకు తెలియదు కానీ రెండు గదులకు, ఒక వంటింటికి, నాకు, మా ఆరేళ్ళ అభినయకు ఈశ్వరి ఆమే. ఆమె ప్రభుత్వంలో చట్టం ఒక్కటే. ఇంట్లోకి ఒక వస్తువు వస్తే ఇంకో వస్తువు బయటికి పోవాలి. నేను కాలేజీ రోజుల నుంచి దాచుకున్న ముప్పై రెండు వీడియో గేమ్ క్యాసెట్లు ఆ చట్టం కిందే పోయాయి. పాత సామాన్లకు పాత్రలిచ్చే మనిషి వాటిని తూచి, ఒక ఇడ్లీ పాత్ర ఇచ్చి వెళ్ళాడు. మూత ఇవ్వలేదు.

పోయినవాటిలో కోటల ఆట ఉంది. చిన్నప్పుడు మా వీధిలో ఒకాయన టీవీ పెట్టి, గంటకు ఇంత అని తీసుకుని ఆ ఆట ఆడించేవాడు. పొట్టి సిపాయి ఒకడు గెంతుకుంటూ ఎనిమిది కోటలు దాటాలి. నేను ఏడో కోటకు చేరేసరికి గంట అయిపోయేది. తర్వాత ఉద్యోగం వచ్చి క్యాసెట్ కొనుక్కుంటే ఆడే యంత్రం చెడిపోయింది. ఎనిమిదో కోట తలుపు వెనక ఏముందో తెలియకుండానే మీసాలు వచ్చాయి, పెళ్ళయింది, జుట్టు పోయింది. ప్రాణం పోయేలోపు ఆ తలుపు తెరవాలన్నది నా ఒకే ఒక్క కోరిక. మిగతా కోరికలు లోకేశ్వరి అనుమతికి పోయి తిరిగి రాలేదు.

అలాంటి నాకు మా ఫ్యాక్టరీలో పనిచేసే తమిళ్‌సెల్వన్ ఒక శుభవార్త చెప్పాడు. "ఆ పాత ఆటలన్నీ ఇప్పుడు డౌన్‌లోడ్‌గా అమ్ముతున్నారు సార్. డబ్బా లేదు, క్యాసెట్ లేదు, చేతికి ఏమీ రాదు."

చేతికి ఏమీ రాని వస్తువు! కంటికి కనపడదు, దుమ్ము పట్టదు, తూచడానికి బరువు లేదు. భార్య ఉన్న మగవాడి కోసం ఎవరో మహానుభావుడు కూర్చుని కనిపెట్టాడనిపించింది. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆటకు ఆకారం లేదు కానీ ఆడించే పెట్టెకు ఉంటుంది కదా. అరచేతంత నల్ల పెట్టె. దాన్ని చంకలో పెట్టుకుని ఇంట్లో అడుగు పెట్టాను.

"ఏందండీ అది?"

"ఆఫీసుది లోకా. స్టాకు లెక్కలన్నీ ఇప్పుడు దీంట్లోనే. ఇంటికాడ కూడా చూడమంటా ఉండారు."

"ఆఫీసుదైతే ఆఫీసులోనే ఉండనీ."

"ముదలాళి నన్ను నమ్మి ఇచ్చినాడు. దీంతోనే గదా మన జీతం, మన కూడు."

ముదలాళి అంటే మా యజమాని. ఆ మాట వినగానే లోకేశ్వరి ముఖం మెత్తబడింది.

"సరి. కూడు పెట్టేదైతే మన చట్టంలోకి రాదు. యాడ పెడతారో పెట్టుకోండి."

పన్నెండేళ్ళ కాపురంలో ఒక వస్తువు బయటికి పోకుండా ఇంకో వస్తువు లోపలికి రావడం అదే మొదటిసారి. అప్పుడే భయపడాల్సింది. భయపడలేదు, పొంగిపోయాను.

వెనక గదిలో పాత కంప్యూటర్ తెరకు పెట్టె తగిలించి, తలుపు వేసుకుని, శబ్దం ఆపేసి ఆడటం మొదలుపెట్టాను. అభినయకు లెక్కలు చెప్పమంటే ఆఫీసు పని. మంచినీళ్ళ క్యాను మేడ మీదికి ఎత్తమంటే ఆఫీసు పని. ఆడి నెలలో వీరాంపట్టినం అమ్మవారి తేరు ఊరేగింపుకు పోదాం రమ్మంటే, "మీరిద్దరూ పోయి రండి, ఆఫీసు పని" అన్నాను. మూడు నెలల్లో ఇరవై రెండు ఆటలు కొన్నాను. ఇంటి బరువు ఒక్క గ్రాము పెరగలేదు.

ఆ మూడు నెలల చివర, ఒక సాయంత్రం, నా సిపాయి ఎనిమిదో కోట తలుపు ముందు నిలబడ్డాడు. నా చేతులు ఎంత వణికాయంటే మీట నొక్కలేకపోయాను. ఈ స్థితిలో ఆడితే సిపాయి చస్తాడు, రేపు చెయ్యి కుదురుకున్నాక ఆడదామనుకున్నాను. ఆ పాత ఆటలో ఆడినంత మేరకు దాచుకునే ఏర్పాటు లేదు. పెట్టె ఆపితే మళ్ళీ మొదటి కోటే. అందుకని సిపాయిని తలుపు ముందే నిలబెట్టి, పెట్టెను నడవనిచ్చి, తెర మీద తువ్వాలు కప్పాను. "ముట్టవద్దు, ఆఫీసు లెక్క నడుస్తోంది" అని కాగితం అంటించాను. తమిళంలోనే రాశాను. మా ఇద్దరికీ తెలుగు నోటికి వచ్చు గానీ చేతికి రాదు.

మర్నాడు ఫ్యాక్టరీలో ఆయుధపూజ. తోరణాలు కట్టాలని తెల్లారగానే వెళ్ళిపోయాను. మా వైపు ఆయుధపూజంటే తెలుసుగా. కూడు పెట్టే పనిముట్టునల్లా కడిగి, తుడిచి, గంధం కుంకుమ పెట్టి అమ్మవారి ముందు ఉంచుతారు. మర్నాటి పూజ అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. ఇదంతా నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఆ నల్ల పెట్టెను నా నోటితో నేనే కూడు పెట్టే పనిముట్టుగా చేశానన్నది మాత్రం మరిచాను.

పదకొండు గంటలకు గేటు ముందు ఆటో ఆగింది. పట్టుచీరలో లోకేశ్వరి దిగింది. ఒక చేతిలో అభినయ, ఇంకో చేతిలో వైరు బుట్ట. బుట్టలో నుంచి నా పెట్టె బయటికి వచ్చింది. దాని నెత్తిన గంధం, మూడు కుంకుమ బొట్లు, ఒక బంతిపువ్వు.

"లోకా! స్విచ్ ఆపేసినావా?"

"ఆపకుండా ఎట్ల తెచ్చేది? తడిబట్టతో తుడిచి తెచ్చినా. ఆఫీసు ఆయుధం గదా, ఆఫీసు పూజలోనే పెట్టాల."

దిష్టి తీయడానికి పెట్టిన బూడిద గుమ్మడికాయ పక్కన చతికిలబడ్డాను. ఏడవటానికి కూడా వీల్లేదు. ఏడిస్తే ఎందుకని అడుగుతారు. నా పొట్టి సిపాయి తలుపు ముందే చచ్చిపోయాడని ఎవరికి చెప్పుకోను?

ఆమె వెళ్ళి పెట్టెను లేత్ మెషీనుకూ డ్రిల్లింగ్ మెషీనుకూ మధ్య నిలబెట్టింది. అప్పుడే మా ముదలాళి హారతి పళ్ళెంతో వచ్చాడు. పేరు అణ్ణాదురై. వెనకాల మేం పెట్టుకున్న పేరు ఓవర్‌టైం అణ్ణాదురై.

"ఏమిటమ్మా ఇది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే లోకేశ్వరి అందుకుంది. "మీరిచ్చినదే సార్. దినమూ సాయంత్రం మూడు గంటలసేపు దీని ముందరే కూర్చోనుంటారు. బిడ్డకు లెక్కలు చెప్పేదానికి కూడా లేచి రారు."

ముదలాళి పెట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు. తాను ఏ పెట్టెనూ ఇవ్వలేదని ఆయనకు తెలియదా? ఉద్యోగం ఊడిందని కళ్ళు మూసుకున్నాను. ఊడినా బాగుండేది.

"అయితే సాయంత్రం మూడు గంటలు ఖాళీ అన్నమాట," అని ఆయన నా భుజం తట్టాడు. "ముకుందన్, పదేళ్ళ స్టాకు రిజిస్టర్లు మేడ మీద పడి ఉన్నాయి. ఎవరు సరిచూస్తారా అని బాధపడుతున్నాను. పండగ కాగానే ఇంటికి పంపిస్తాను."

ప్రసాదం బొరుగులు నాకు రెండు పిడికిళ్ళు ఎక్కువ పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కూలబడి నిజం చెప్పేశాను. "లోకా, అది ఆఫీసుది కాదు."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి దినం నుంచే. అట్లా నోరు తెరవకండి, ఈగ పోతుంది."

డబ్బు తమిళ్‌సెల్వన్ చేత కట్టించాను. ఎక్కడా దొరకననుకున్నాను. ఆటల దుకాణంలో పేరు నమోదు చేసేటప్పుడు మాత్రం మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఈమెయిల్ ఇచ్చాను. పాప బడి కోసం తెరిచింది అది, లోకేశ్వరి ఫోనులో ఉంటుంది. ఆట కొన్న ప్రతిసారీ నాకు ధన్యవాదాలు చెబుతూ వాళ్ళు ఆమెకు ఉత్తరం రాశారు. ఇరవై రెండుసార్లు.

"మరి అప్పుడే అడగలేదేం?"

"మీరే చెప్తారని చూస్తా ఉంటి. తేరు దినం బిడ్డను భుజం మీద ఎత్తుకోని, ఆ ఎండలో, ఆ జనంలో నిలబడి ఉండా. మీరు ఇంకో ఆట కొన్నట్టు ఫోను మోగె. ఇంక అడగబుద్ధి కాలేదండీ."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే తట్టుకునేవాణ్ణి. సిగ్గుతో తల వంచుకున్నాను. తప్పంతా నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ మనిషి బుద్ధి చూడండి, అంత సిగ్గులోనూ నా మనసు తలుపు దగ్గరే ఉంది.

"పోనీలే," అన్నాను, "ఎనిమిదో కోట నా నుదుట రాసిలేదు."

"స్విచ్ ఆపే ముందర నేను ఆడితినే."

"నువ్వా?"

"మధ్యాహ్నం మీరు ఆఫీసులో ఉంటే పెట్టె ఊరికేనే గదా ఉండేది? మూడు నెల్లుగా ఆడతా ఉండా. పొద్దున ఆ తలుపు తెరిచి లోపలికి పోయినా."

ఆమె కాళ్ళు పట్టుకోబోయి ఆగాను. "ఏముంది లోకా? లోపల ఏముంది?"

"ఏముంటాది! ఒక రాణి కూర్చోనుంది. బాగా ఆడితివి, మళ్ళీ మొదటి కోట నుంచి రా అని రాసుండె."

ముప్పై ఏళ్ళండీ. ముప్పై ఏళ్ళు నేను కాచుకున్నది ఆ ఒక్క ముక్క కోసం.

రిజిస్టర్లు పండగ మర్నాడే మినీ లారీలో దిగాయి, వాటి మీద బొట్లతో సహా నా నల్ల పెట్టె. ఇప్పుడు రోజూ సాయంత్రం వెనక గదిలో నేల మీద కూర్చుని పదేళ్ళ నాటి వాషర్లు సరిచూస్తుంటాను. పక్కన అభినయ లెక్కలు చేసుకుంటుంది. కుర్చీలో లోకేశ్వరి ఆడుతుంటుంది. నిన్న ఆమె సిపాయి ఆరో కోటలో గోతి ముందు తడబడుతుంటే ఉండబట్టలేక, "రెండడుగులు వెనక్కి పోయి దూకు లోకా" అన్నాను.

ఆమె తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"ఎనిమిదో కోట లోపలికి పోయి వచ్చినదాన్ని, నాకా చెప్పేది? మీరు ఆఫీసు పని చూసుకోండి."

చూసుకుంటున్నాను.