పంపు ఆగిన చప్పుడు

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకంలో తికమక పడడానికేమీ లేదు. ఏడింటికి పుస్తకాల ర్యాకులు బండెక్కించాలి, ఎనిమిదింటికి బయల్దేరాలి, తొమ్మిదికల్లా బడిలో దించాలి. పదింటికి ఆ బడిలో కొత్త లైబ్రరీ తెరుస్తారు. ర్యాకులు చేసింది భార్య. వడ్రంగం నేర్చి రందా పట్టిన ఆరేళ్లకు ఆమెకు దొరికిన మొదటి పెద్ద పని అది. "ఆడమనిషి పన్నెండు ర్యాకులు టైముకు ఇవ్వగలదా?" అని బడి కమిటీ పెద్దమనిషి నసిగితే, హెడ్‌మిస్ట్రెస్ "పూచీ నాది" అని ఇప్పించింది. ఆలస్యమైతే ఇద్దరాడవాళ్ల మాట పోతుంది.

ఇందులో భర్తకు అప్పగించింది ఒకే ఒక్క పని, బండి నడపడం. బండి మామగారి డీజిల్ పికప్. ముప్పై ఏళ్లు లారీ నడిపిన ఆ పెద్దాయన దాన్ని అల్లుడి చేతికివ్వడం అదే మొదటిసారి.

అల్లుడు ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాడు. వీధిలో అందరూ చెవుల డాక్టరంటారు. డాక్టరు కాదు, కానీ కాదని అతను ఎప్పుడూ ఎవరికీ చెప్పిన పాపాన పోలేదు. పదిహేనేళ్లు జనం చెవులు పరీక్షించి, లోకంలో సరిగ్గా వినబడేది తనొక్కడికేనని ఖాయం చేసుకున్నాడు. దానికి తోడు ముందురోజు సాయంత్రం డీజిల్ బండ్ల మీద నాలుగు వీడియోలు చూశాడు. ఇక చెప్పేదేముంది!

సరిగ్గా ఎనిమిదింటికి తాళంచెవి సగం తిప్పాడు. వెనక ట్యాంకు దగ్గర 'జుయ్' మని నాలుగు క్షణాలు మోగి, ఆగింది.

"ఉష్!" అన్నాడు.

తాళ్లు బిగిస్తున్న భార్య చేతులు ఆగిపోయాయి. "ఏమైందండీ?"

"లిఫ్ట్ పంపు పోయింది. ట్యాంకులోంచి ఇంజనుకు డీజిల్ తోసేది అదే. విన్లా? మోగబోయి ఆగిపోయింది."

"స్టార్ట్ చేసి చూడండి మరి."

"అమ్మో! ఆ ఇంజను గోలలో పంపేం వినబడుతుంది? పైగా డీజిల్ అందకుండా స్టార్ట్ చేస్తే ఇంజన్లో సగం సామాను మటాష్. మీ నాన్నకు నువ్వు చెప్తావా సమాధానం?"

"నాన్ననే అడుగుదాం."

"ఆయనకు మాత్రం ఫోన్ చేయకు. బండి ఇచ్చిన రోజే పాడుచేశాననుకుంటారు."

అలా పరీక్ష మొదలైంది. భార్య తాళం తిప్పుతుంటే అతను బండి కింద దూరి, ట్యాంకుకు చెవి ఆనించి పడుకున్నాడు. జుయ్, నిశ్శబ్దం. "మళ్లీ!" జుయ్, నిశ్శబ్దం. "ఇంకోసారి!" నలభై సార్లయింది. ఎదురింట్లో కుక్కర్ కూత వేస్తే ఆపమని కేకేశాడు. కుక్కర్ ఆగలేదు గానీ, కేకకు వాచీల బాబాయి బయటికొచ్చాడు. నలభై ఏళ్లు వాచీలు బాగుచేసి మానుకున్న మనిషి. పని దొరికితే చాలు, నిద్రలో పిలిచినా వస్తాడు.

"రిలే అయ్యుంటుంది," అన్నాడు బాబాయి, బానెట్ ఎత్తి. పంపుకు కరెంటు అందించే రిలే అగ్గిపెట్టెంత నల్ల డబ్బీ. హారన్‌కూ అలాంటిదే ఉంది. బాబాయి పంపు రిలే పీకి, హారన్‌ది అక్కడ పెట్టాడు. లోపల చీకటిగా ఉందని హెడ్‌లైట్లు వేయించాడు. బానెట్ లోపల వెలుగు పడదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు, లైట్లు ఆర్పడమూ తట్టలేదు.

జుయ్, నిశ్శబ్దం.

"అయితే ఫిల్టరే," అన్నాడు చెవుల డాక్టరు. మూడో వీడియోలో ఫిల్టరు విప్పడం చాలా సులువు. ఇక్కడా సులువుగానే వచ్చింది, లోపలున్న డీజిలంతా కూడా వచ్చింది. చొక్కా, ప్యాంటు, బాబాయి చెప్పులు, గుమ్మం, అన్నీ తడిశాయి. భార్య మారుమాట్లాడకుండా తన పనిగదిలోంచి బస్తాడు రంపపు పొట్టు తెచ్చి కుమ్మరించింది.

ఫిల్టరు తుడిచి, మళ్లీ బిగించి, ఇంక తెగించి స్టార్ట్ చేశాడు. ఇంజను గిరగిరా తిరిగింది గానీ అందుకోలేదు.

"చూశావా! నేను చెప్పలేదూ?" అని అరిచాడు. నిజం చెప్పాలంటే అతనికి పట్టరాని సంతోషమేసింది. పంపు పోయినా తన చెవి గెలిచింది. ఆ సంతోషంలో మరో ఆరుసార్లు తిప్పాడు. ఏడోసారి 'టక్' మని బ్యాటరీ కూడా పడుకుంది.

టైము తొమ్మిదీ పది. భార్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె ఫోన్ తీసి తండ్రికి కలిపి, స్పీకర్ పెట్టి అతని మొహం ముందు ఉంచింది.

"ఏమ్మా, చేరిపోయారా?"

"లేదు మామయ్యగారూ. లిఫ్ట్ పంపు పోయింది. తాళం తిప్పితే నాలుగు క్షణాలు మోగి ఆగిపోతోంది."

"అవును."

"మీకు ముందే తెలుసా?"

"తెలియకేం? కొన్నప్పటి నుంచీ అంతేగా. గొట్టం నిండేదాకా మోగి ఆగుతుంది. ఇంజను స్టార్టయితే మళ్లీ అందుకుంటుంది. స్టార్ట్ చేశారా మీరు?"

అతను చొక్కాకంటిన పొట్టు దులుపుకున్నాడు.

"అల్లుడుగారూ, వినబడుతోందా?"

"వినబడుతోందండీ. చేశాను."

"ఎప్పుడు?"

"ఫిల్టరు విప్పి బిగించాక."

అవతల కాసేపు దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని అతని చెవికి తెలుసు.

"అయితే గొట్టంలో గాలి పట్టింది. తాళం సగం తిప్పండి, పంపు మోగి ఆగనివ్వండి, మళ్లీ తిప్పండి. పదిసార్లు. ఆ పంపే గాలి గెంటేస్తుంది."

పొద్దుట్నుంచి రోగమని తను కొట్టుకు చచ్చిందే మందట! బాబాయి తన కారు తెచ్చి బ్యాటరీకి తీగలు కలిపాడు. పది జుయ్‌లు, పది నిశ్శబ్దాలు. పదకొండోసారి పూర్తిగా తిప్పగానే ఇంజను బుద్ధిమంతురాలిలా అందుకుంది.

బయల్దేరేసరికి తొమ్మిదిన్నర. మొదటి మలుపులో హారన్ కొడితే పలకలేదు. పంపు నుంచి పీకిన రిలే బాబాయి చొక్కా జేబులో ఉండిపోయింది. దారి పొడవునా అతను కిటికీలోంచి తల బయటపెట్టి "జరగండి, జరగండి బాబూ!" అని కేకలేస్తూ నడిపాడు.

"నాదే తప్పు," అన్నాడు మధ్యలో. "నాకంతా తెలుసుననుకుని నీ కష్టం మీదికి తెచ్చాను. నాలుగు తిట్టు, పడతాను."

"నేనేమీ అనలేదుగా."

"అదే వినబడుతోంది."

ఆమె కిటికీ వైపు తిరిగింది. నవ్విందో ఏడ్చిందో, ఈసారి అతను తేల్చి చెప్పలేకపోయాడు.

పదిన్నరకు చేరారు. పిల్లలు బయట ఎండలో బారులు తీరి ఉన్నారు, పుస్తకాలు లోపల నేల మీద గుట్టలుగా ఉన్నాయి. హెడ్‌మిస్ట్రెస్ చదువు గొప్పదనం గురించి అరగంటగా ఉపన్యాసం ఇస్తోంది. గొంతు బొంగురుపోయింది, చెప్పిందే మూడోసారి చెబుతోంది. బండిని చూడగానే వాక్యం సగంలో ఆపేసి, "ర్యాకులు వచ్చాయి!" అంది. పెద్ద క్లాసు పిల్లలు పరుగున వచ్చి దించారు. పన్నెండూ గోడకు అతికినట్టు కూర్చున్నాయి. కమిటీ పెద్దమనిషి ఒక్కో అర మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. ఒక్కటీ కదల్లేదు, కిర్రుమనలేదు. పని బాగుందని ఒప్పుకోక తప్పలేదు, పట్టుకోవడానికి ఆలస్యమొక్కటే మిగిలింది.

"ఏమ్మా, దారిలో బండిగానీ చెడిపోయిందా?" అన్నాడు.

ఆమె, డీజిల్లో తడిసి, రంపపు పొట్టు అంటుకుని ద్వారం దగ్గర నిలబడ్డ భర్తను ఒక్కసారి చూసింది.

"లేదండీ, బండి బాగానే ఉంది," అంది. "మావారు రిపేరు చేశారు."