సడ్డకుడి కన్నా ఐదడుగులు ఎక్కువ

కొత్త వస్తువు కొన్నప్పుడు మనం కొబ్బరికాయ కొట్టేది దేవుడు చూడాలనా, చుట్టాలు చూడాలనా అన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. దేవుడి కోసమే అయితే పూజగదిలో కొడితే సరిపోతుంది. వీధిలోకి తెచ్చి, నలుగురినీ పిలిచి, వాళ్లంతా వచ్చేదాకా ఆగి మరీ ఎందుకు కొడతాం? నేనూ రోజూ దీపం పెట్టేవాడినే, పూజను తక్కువ చేసి అనడం లేదు. పెబ్బేరు శివకుమార్ గోదాము సంగతి విన్నాక మాత్రం ఆ అనుమానాన్ని ఎవరినైనా పెద్దవాళ్లను అడిగి తీర్చుకోవాలనిపించింది.

ఆ సోమవారం పొద్దున శివకుమార్ పెట్టుకున్న పనులు మూడే. చాయ్ తాగాలి, బస్తాలు లేపే కరెంటు మిషన్‌కు ఫోన్‌లో ఆర్డర్ చెప్పాలి, పదింటికల్లా గోదాముకు పోవాలి. హైదరాబాద్ విత్తనాల కంపెనీ ఒకటి ఈ సీజన్ పత్తి విత్తనాలు దాచడానికి గోదాము వెతుకుతోంది. బస్తాలు నేల మీద ఉండకూడదు, ప్యాలెట్లనే చెక్క పీటల మీద ఉండాలి, వాటిని లేపి పేర్చడానికి మిషన్ ఉండాలి అన్నది వాళ్ల షరతు. కంపెనీ అధికారి శుక్రవారం పదకొండింటికి చూడటానికి వస్తాడు. సరుకు వస్తే ఏడాదంతా గోదాము నిండుగా ఉంటుంది. రాకపోతే నిరుటిలాగే సగం గోదాములో పిచ్చుకలుంటాయి.

అది కూడా శివకుమార్ ఓర్చుకునేవాడే. సరుకు తనకు రాకపోతే గద్వాలలో లక్ష్మణ్ గోదాముకు పోతుందన్నదే అతను ఓర్చుకోలేని సంగతి. లక్ష్మణ్ అతని సడ్డకుడు, అంటే భార్య మాలతి వాళ్ల అక్క గీత భర్త. ఒకే ఇంటి అల్లుళ్లు. లక్ష్మణ్ నూట యాభై అడుగుల బోరు వేస్తే శివకుమార్ మూడు వందలు వేయించాడు. నీళ్లు నూట నలభైలోనే పడ్డాయి, అయినా ఆపలేదు.

మిషన్లమ్మే కంపెనీ నుంచి నవ్య అనే అమ్మాయి ఫోన్‌లో ఓపికగా అడిగింది. "సార్, ముందు మీ గోదాము గురించి చెప్పండి. తలుపు ఎత్తెంత? నేల ఎట్లా ఉంది? ఎంత బరువు, ఎంత ఎత్తుకు లేపాలి?"

"గవన్నీ ఎందుకమ్మా? గద్వాలల లక్ష్మణ్ అని, మీ దగ్గర్నే తీస్కున్నడు. ఆయనది ఎంత లేపుతది?"

"పది అడుగులు సార్. ఆయన గోదాముకు అది సరిపోతుంది."

"నాకు పదిహేను అడుగులది పంపు."

"మీరు సరుకు అంత ఎత్తు పేరుస్తారా సార్?"

"పేరుస్తమో లేదో తర్వాత సంగతి. లేస్తది గదా?"

"లేస్తుంది. కానీ అంత ఎత్తు లేచే మిషన్ కిందికి దించినా పది అడుగులుంటుంది. మీ తలుపులోంచి పట్టాలి కదా?"

"మా తలుపుల ఏనుగు పడ్తదమ్మా!"

"ఏనుగు వద్దు సార్, తలుపు కొలిచి చెప్పండి చాలు."

శివకుమార్ కొలవలేదు. పెబ్బేరులో ఆ గోదాములోకి ఏనుగు ఎప్పుడూ రాలేదు కాబట్టి ఆ మాట నిజమో కాదో తేల్చేవారూ లేరు. పక్కనే చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డ మాలతి కూడా అడ్డు చెప్పలేదు.

"పదిహేనే చెప్పు. మొన్న పెండ్లిల మా అక్క మిషన్ ఫోటో పట్టుకొని తిరిగింది. చీర ఏడ తీస్కున్నవని అడిగితే గూడ మిషన్ సంగతే చెప్పింది," అన్నది.

బుధవారం మిషన్ వచ్చింది. పసుపు, నలుపు రంగుల్లో, ముందు రెండు ఇనుప చేతులతో ధీమాగా ఉంది. తెచ్చినతను ఎట్లా నడపాలో ఆవరణలో అరగంట చూపించి వెళ్లిపోయాడు. శివకుమార్ వెంటనే ఫోటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పక్కన మనిషిని నిలబెట్టి తీశాడు, ఎత్తు తెలియాలి కదా. కాసేపటికి లక్ష్మణ్ నుంచి ఒకటే మాట వచ్చింది. 'బాగుంది.'

ఆ తర్వాత మిషన్‌ను గోదాము వైపు నడిపితే అది షట్టర్ ముందు ఆగింది. షట్టర్ తొమ్మిది అడుగులు. మిషన్ పది.

"మిషన్ వాపస్ ఇద్దామా?" అంది మాలతి, భయంభయంగా.

"ఫోటో పెట్టినంక వాపసా?" అన్నాడు శివకుమార్.

మేస్త్రీ మల్లేశ్ వచ్చాడు. షట్టర్ ఊడదీశాడు. పైన గోడ అడుగున్నర కొట్టాడు. కొట్టడం రెండు గంటల్లో అయిపోయింది. "మళ్ల గోడ సాపు జేసి కొత్త షట్టర్ బిగియ్యాలంటే పది దినాలు పడ్తది సేటు," అన్నాడు సామాను సర్దుకుంటూ. ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు అడగలే," అన్నాడు. అది న్యాయమే.

గురువారం పొద్దున పూజ. ఉప్పునుంతల నుంచి అత్తగారు చిన్నమ్మ బస్సు దిగి వచ్చింది. పెద్దల్లుడి మిషన్‌కు పోయి నా మిషన్‌కు రాకుంటే ఎట్లా అని శివకుమార్ మరీ మరీ పిలిచాడు. కొత్తది ఏదైనా గడప దాటాలంటే బొట్టు పెట్టుకుని, కుడికాలు ముందు పెట్టి దాటాలి. అందుకని శివకుమార్ మిషన్‌ను సరిగ్గా గడప మీదికి తెచ్చి, కుడి చక్రం ముందు నిమ్మకాయ పెట్టించి ఆపాడు. హమాలీల పెద్ద వెంకటన్న కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు.

చిన్నమ్మ పసుపు కలుపుకుని మిషన్ చుట్టూ తిరిగి చూసింది. "దీనికి నుదురేడున్నది బిడ్డా?"

అందరూ వెతికారు. పిడి దగ్గర, నడిమధ్యన, రూపాయి బిళ్లకు రెండింతల గుండ్రటి ఎర్ర బటన్ కనిపించింది.

"ఇగో, గిదే!" అంది చిన్నమ్మ సంతోషంగా. "బొట్టుకు జాగ జేసే పంపిండ్రు!"

పసుపు ముద్దను బొటనవేలితో గట్టిగా ఒత్తి బటనంతా మెత్తింది. మధ్యలో కుంకుమ పెట్టింది. పైనుంచి బంతిపూల దండ వేసింది. వెంకటన్న కొబ్బరికాయ కొట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శివకుమార్ దేవుణ్ణి తలచుకుని మీట నొక్కాడు.

మిషన్ కదలలేదు. మళ్లీ నొక్కాడు. దీపం కూడా వెలగలేదు. తోసి చూశారు. కరెంటు లేకపోతే దాని చక్రాలు బిగుసుకుపోతాయట, పదిమంది హమాలీలు నెట్టినా నిమ్మకాయ కూడా నలగలేదు. గోదాముకు ఉన్నది ఒకటే దారి. ఆ దారికి అడ్డంగా టన్ను బరువున్న మిషన్ పూలదండ వేసుకుని కూర్చుంది. తెల్లారితే కంపెనీ అధికారి వస్తాడు.

శివకుమార్ మిషన్ల కంపెనీకి ఫోన్ చేశాడు. నవ్య సెలవులో ఉంది, వేరే అతను మాట్లాడాడు.

"పిడి దగ్గర ఎర్ర బటన్ లోపలికి ఒత్తుకుని ఉందేమో చూడండి సార్."

శివకుమార్ దండ కొంచెం పక్కకు జరిపి నిజాయితీగా చూశాడు. "ఎర్రది ఏం లేదు సార్. పసుపుది ఉన్నది."

"పసుపు బటన్ మా మిషన్‌కు ఉండదే... ఎవరైనా ఏదైనా ఒత్తారా?"

"దేవుని పని తప్ప ఎవ్వరు ఏం ముట్టలే."

"అయితే శనివారం మనిషిని పంపిస్తాం."

ఫోన్ పెట్టేశాక వెంకటన్న గొంతు తగ్గించి అన్నాడు. "సేటు, ఇది మిషన్ రోగం గాదు. గిప్పటి దాంక మంచిగ నడిచింది. నరదిష్టి."

ఎవరి దిష్టి అన్న ప్రశ్న రాలేదు. శివకుమార్ ఫోన్ తీసి లక్ష్మణ్ పంపిన మాట అందరికీ చూపించాడు. "చూడుండ్రి. బాగుంది అన్నడు. ఉత్తగ అంటడా? కడుపుల మంట లేంది గట్ల అంటడా?"

తన మిషన్‌ను చూసి లక్ష్మణ్ కుళ్లుకోవాలనే కదా ఫోటో పెట్టింది? కుళ్లుకున్నాడని ఇప్పుడు కోపం ఎందుకు? ఇది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

"మా లక్ష్మణ్ గసొంటోడు గాదు," అంది చిన్నమ్మ. ఆమె ఊరుకుంటే బాగుండేది. "వాని మనసు ఎన్నపూస. ఒగని మీద ఏడ్వడు."

"అంటే నేను ఏడుస్తనా అత్తమ్మా?"

"నేను గట్ల అన్ననా?"

మాలతి వచ్చి తల్లిని లోపలికి తీసుకుపోదామంటే లోపలికి దారి లేదు. అందరూ ఎండలోనే నిలబడి పోట్లాడుకున్నారు. గుమ్మడికాయ పగలగొట్టారు. ఉప్పు తిప్పి పారేశారు. ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రాలేదు, ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని ఇంకో గుప్పెడు వేశారు. అప్పుడు ఒక్కసారే వచ్చింది. హమాలీలు దగ్గుకుంటూ రోడ్డు మీదికి పరుగెత్తారు. దారిన పోయే పశువుల వ్యాను డ్రైవరు బండి ఆపి ఏమైందని అడిగాడు. మిషన్ ఒక్కటే దగ్గలేదు.

శుక్రవారం తెల్లవారింది. శివకుమార్‌కు రాత్రంతా నిద్రలేదు. ఏడింటికి గద్వాలకు ఫోన్ చేశాడు.

"అన్నా, నీకు నేనేం అన్యాలం జేసిన? సరుకు నీకు కావాల్నంటే కావాల్నని చెప్పు. ఫోటో జూసి నా మిషన్ పండబెట్టుడేంది?"

అవతల లక్ష్మణ్ అడిగాడు. "పూజ చేసిన్రా?"

"చేసినం."

"బొట్టు ఎవ్వరు పెట్టిన్రు?"

"అత్తమ్మ."

"ఎవ్వరు ఏం ముట్టకుండ్రి. వస్తున్న."

"చూసి నవ్వనీకె వస్తుండు," అన్నాడు శివకుమార్ భార్యతో. మాలతి మంచి చీర కట్టుకుంది. ఓడిపోయేదుంటే మంచి చీరలోనే ఓడిపోదామనుకుంది.

పదింటికి లక్ష్మణ్ బండి వచ్చింది. దిగుతూనే అత్తగారికి దండం పెట్టి, "అత్తమ్మా, జర చాయ్ పెట్టియ్యి, నీ చేతి చాయ్ తాగక చాన దినాలైంది," అన్నాడు. ఆమె మురిసిపోతూ, చిన్నల్లుడి వైపు ఒక చూపు విసిరి మాలతిని తీసుకుని పక్కనున్న హమాలీల గదిలోకి పోయింది. లక్ష్మణ్ వెంకటన్ననూ మిగిలినవాళ్లనూ గేటు దగ్గరికి పంపాడు. అప్పుడు మిషన్ దగ్గరికి వచ్చి దండ తీశాడు. భుజం మీది తువ్వాలుతో పసుపు తుడిచాడు. ఎర్ర బటన్‌ను పట్టుకుని కుడివైపుకు తిప్పాడు. టక్కుమని అది పైకి లేచింది. దీపం వెలిగింది.

"ఇప్పుడు నడుపు."

శివకుమార్ నడిపాడు. నిమ్మకాయ చితికింది, మిషన్ గడప దాటి లోపలికి పోయింది. అతనికి సంతోషం కన్నా అనుమానమే ముందు వచ్చింది.

"నీకెట్ల ఎర్కనే?"

లక్ష్మణ్ హమాలీల గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అది ఆపద వస్తే మిషన్ ఆపే బటను. మాది మూడు దినాలు పండింది. అక్కడ గూడ బొట్టు అత్తమ్మదే. హైదరాబాద్ నుంచి మనిషొచ్చి ఇట్ల తిప్పి పోయిండు. ఎవ్వరికి చెప్పొద్దని వానికి బిర్యానీ తినిపిచ్చిన."

"మరి మాకన్న చెప్పకపోతివి!"

"ఏమని చెప్పాలె? మూడు దినాలు నీ కండ్లే పడ్డయని మూడు గుమ్మడికాయలు గొట్టిచ్చిన."

"నా కండ్లా?"

"నీవి గాక? ఆ దినం వచ్చి నా మిషన్ చుట్టు గుడి చుట్టు తిరిగినట్టు తిరిగినవు. ఒక్క మాట మాట్లాడలే."

ఆ రోజు మనసులో అనుకున్న మాటలు శివకుమార్‌కు గుర్తే. ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. చూస్తే మిషన్ మళ్లీ ఆగిపోతుందేమోనని ఇద్దరికీ కొంచెం భయం ఉండి ఉంటుంది.

పదకొండింటికి కంపెనీ అధికారి శ్రవణ్ కుమార్ వచ్చాడు. మిషన్ ప్యాలెట్‌ను లేపడం చూశాడు. శివకుమార్ ఇనుప చేతులను చివరిదాకా, పదిహేను అడుగులూ లేపి చూపించాడు.

"అంత ఎత్తెందుకండీ?" అన్నాడు శ్రవణ్ కుమార్. "విత్తనాల బస్తాలు మేం ఎనిమిది అడుగులు దాటి పేర్చనివ్వం. సరే, మిషన్ ఉంది, బాగుంది. ఈ తలుపేది? మబ్బు పట్టింది చూడండి. జల్లు పడితే విత్తనాల గతేంటి?"

శివకుమార్ ఇనుప చేతులను కిందికి దించేశాడు. "పది దినాల్ల కొత్త షట్టర్ వస్తది సార్. అందాక పెద్ద పట్టా కట్టిస్త. వెంకటన్నా! వెనక పట్టా ఉండాలె, జల్ది తే!"

యజమాని మాట చెవిన పడగానే వెంకటన్న ఇద్దరు హమాలీలతో పోయి, గోదాము మూల నుంచి మడతపెట్టిన పెద్ద టార్పాలిన్ పట్టా తెచ్చాడు. నిచ్చెనలు వేసి తలుపు మీదుగా వదిలారు. అది మడతలు విప్పుకుంటూ కిందికి దిగింది. మూరెడు మూరెడు ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి. 'లక్ష్మణ్ గోదాము, గద్వాల.'

శివకుమార్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్ల కింద అకాల వానలో వేరుశనగ తడుస్తుంటే, ఒక్క రోజుకని లక్ష్మణ్ దగ్గర్నుంచి తెచ్చిన పట్టా అది. వారం దాటాక ఇవ్వడానికి సిగ్గేసింది. ఏడాది దాటాక కనపడకుండా మూలన పెట్టాడు. లక్ష్మణ్ ఏనాడూ అడగలేదు. ఇప్పుడు తల ఎత్తి తన పేరు తానే చదువుకుంటున్నాడు.

శ్రవణ్ కుమార్ కూడా చదివాడు. ఫోన్‌లో ఉన్న లక్ష్మణ్ ఫోటో చూసుకుని అతని వైపు తిరిగాడు. "గద్వాల లక్ష్మణ్ గారంటే మీరే కదా? రేపు మీ గోదాముకే రావాలి నేను. రెండు గోదాములూ మీవేనా?"

కాదు అని లక్ష్మణ్ ఒక్క మాటంటే తలుపులేని గోదాము సంగతి అక్కడితో అయిపోతుంది. లక్ష్మణ్ పట్టా వైపు చూశాడు, మిషన్ వైపు చూశాడు. హమాలీల గది గుమ్మంలో అత్తగారు చాయ్ గ్లాసులతో నిలబడి ఉంది.

"ఇద్దరం ఒక్కింటి అల్లుళ్లం సార్," అన్నాడు. "ఒక్కటే అనుకోండ్రి. తలుపు పడేదాంక జిమ్మేదారి నాది."

"ముందే చెప్పొచ్చు కదండీ! మా సరుకు ఒక్క గోదాములో ఎట్లాగూ పట్టదు, ఎవరినో ఒకరిని వదులుకోవాలని చూస్తున్నాం. సగం ఇక్కడ, సగం గద్వాలలో దింపుతాం. ఈ సగం మాత్రం షట్టర్ పడ్డాకే," అని కాగితాల మీద రాసుకుని శ్రవణ్ కుమార్ చాయ్ తాగి వెళ్లాడు.

సగం వచ్చిందని సంతోషపడాలో, అవతలివాడికీ సగం వచ్చిందని బాధపడాలో సడ్డకులిద్దరికీ తోచలేదు. చివరికి శివకుమారే అన్నాడు. "పట్టా... ఎప్పటికప్పుడు ఇద్దామనే అనుకున్ననే."

"ఒక్క దినానికని తీస్కపోయినవు తమ్మీ," అన్నాడు లక్ష్మణ్. "కానీ మంచిగనే దాచినవు. ఒక్క చిల్లు గూడ పడలే."

పదకొండో రోజు మల్లేశ్ కొత్త షట్టర్ బిగించాడు. శివకుమార్ పట్టాను కడిగించి, ఎండబెట్టించి, అక్షరాలు పైకి కనపడేటట్టు మడతపెట్టించి, లక్ష్మణ్‌ను బండి తెమ్మన్నాడు. హమాలీలను ముట్టనివ్వలేదు. పదిహేను అడుగులు లేపే మిషన్‌తో ఆ పట్టాను తానే మూడడుగులు లేపి, సడ్డకుడి బండిలో పెట్టాడు.