చల్లగా పెట్టమన్న గింజలు

గడియారాలు బాగుచేసే ఆయన ఆ ఉదయం ఒక్క పనే పెట్టుకున్నాడు: నీలిపూల గింజలను ఫ్రిజ్‌లో దాచడం. వీధి చివర ఖాళీ స్థలంలో ఎవరూ నాటకుండానే పూసే పూలవి. ఇప్పుడక్కడ సిమెంటు పోసేశారు. ఇక ఆ పువ్వు మిగిలిందంటే ఆయన సీసాలోనే. మూడేళ్లుగా ఆ గింజలను ఆరబెడతాడు, పొట్టు ఊదుతాడు, వెలుతురుకెత్తి చూసి మురిసిపోతాడు. నాటడం మాత్రం వచ్చే ఏడాది. బీరువాలోని కొత్త చొక్కా తొడగడమూ వచ్చే ఏడాదే.

తీరా దుకాణానికి వెళ్లాక, సీసా బల్లమీదే మరిచానని గుర్తొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇదిగో, ఆ గింజలు చల్లగా పెట్టు!"

సరిగ్గా అప్పుడే గోడమీది పాతిక గడియారాలూ పది కొట్టాయి.

"చల్లి పెట్టాలా?" అంది భార్య.

"ఆ, అదే! పైన!" ఫ్రిజ్‌లో పై అర అని ఆయన ఉద్దేశం.

"పైనుంచా? సరేనండీ."

ఆవిడ మేడెక్కి, కళ్లు మూసుకుని పిడికిలి విప్పింది. గింజలు ఎండలో మెరుస్తూ, ఎక్కడికి పోవాలో తోచనట్టు కాసేపు గాలిలోనే తిరిగి, తీరిగ్గా వీధిలోకి దిగాయి. సీసా ఖాళీ అయ్యేదాకా ఆవిడకు తానూ వాటితోపాటు గాలిలో తేలుతున్నట్టే అనిపించింది.

కింద దర్జీ ఆరేసిన తెల్లకోటు చుక్కలకోటైంది. "అక్కయ్యగారూ, పైనుంచి ఏం పోస్తున్నారు? పురుగులా?" అని అరుస్తూ కోటును వీధంతా తిరిగి దులిపాడు. పురుగులనే మాట వినగానే ఎదురింటి నర్సమ్మ గొట్టం పట్టి గోడలూ మెట్లూ కడిగేసింది. ఆ బురద చూసి వీధులూడ్చే ఆమె అందరినీ కలిపి తిడుతూ, మట్టినంతా రాళ్ల సందుల్లోకి తోసింది.

సాయంత్రం ఆయన ఖాళీ సీసా చూశాడు.

"చల్లగా అన్నానే! చల్లమన్నానా?"

"మీరే కదండీ, అదే అదే అన్నారు!"

ఆయన నేలమీద చతికిలబడి నిజంగానే ఏడ్చాడు. ఇక ఆ పువ్వు లోకంలో లేదనుకున్నాడు. నెల్లాళ్లు ఇంట్లో గడియారాలు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత వానలు పడ్డాయి. కొన్ని వారాలకు, ఒక ఉదయం కిటికీ తీస్తే వీధి నీలంగా ఉంది. గోడ పగుళ్లలో, దర్జీ గడప పక్కన, నర్సమ్మ మెట్ల కింద, ఎక్కడ చూసినా ఆ పూలే.  ఆయన బీరువా తెరిచి కొత్త చొక్కా తొడుక్కున్నాడు.

"పోనీలే, ఆ గంటల గోలలో నీకు సరిగ్గా వినపడలేదు," అన్నాడు.

ఆవిడ బుద్ధిగా తలూపింది.

ఆవిడవి పాముచెవులని వీధిలో ఆయనకు తప్ప అందరికీ తెలుసు.