మారెన్న కేక: సవరించిన ప్రతి

ప్రజాభద్రతలో అత్యున్నత దశ ఏమిటంటే, దేని గురించో తెలియకుండానే అందరూ జాగ్రత్తగా ఉండటం. ఈ సత్యం నాకు 1954 మార్చి 9, మంగళవారం నాడు, బేతంచెర్ల రాళ్లగనిలో జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి తింటుండగా బోధపడింది. (రొట్టె ఉరుకుందమ్మ చేసింది. గనిలో పనిచేసే మొగుడికి సద్ది తెస్తూ, నా ఇల్లాలు పోయినప్పటినుంచి గని గుమాస్తానైన నాకూ రెండు రొట్టెలు తెస్తోంది. నేను అడగలేదు, ఆమె మానలేదు.)

కొత్త రాజధాని కర్నూలులో అప్పుడు ప్రభుత్వ కచేరీలు కొన్ని డేరాల్లో ఉండేవి. అలాంటి ఒక డేరాలోని అప్రమత్తతా శాఖ నుంచి ఆ రోజు హెచ్చరిక వచ్చింది: “ఎవరో దుండగులు, ఎక్కడో, ఎప్పుడో, ఏదో పేల్చవచ్చునని తెలియుచున్నది. ప్రజలు భయపడరాదు. నిర్భయముగానూ ఉండరాదు.” చోటూ వేళా చెబితే దుండగులకు తెలిసిపోతుందట.

మా గనిలో రోజూ పేలుతుంది. మందు పెట్టే మారెన్న ఎర్రగుడ్డ ఊపుతూ అరిచేవాడు: “తూర్పు గుంతలో మందు పెట్టినా! నూరు ఎంచేలోగా నల్లబండ ఎనక్కి పోండప్పో!” ఉరుకుందమ్మ వచ్చే దారి ఆ గుంత పక్కనే. ఆ కేకను బట్టే నడిచేది, ఆగేది. ఆరేళ్లలో ఆమె గంప మీద గులకరాయి కూడా పడలేదు.

వారం తిరక్కుండా శాఖ ఉపాధికారి జ్ఞానరాజు గారు జీపులో వచ్చారు. కేక విని నొచ్చుకున్నారు. పేలుళ్ల గురించి హెచ్చరించే హక్కు ప్రభుత్వానిది. పైగా ఈ కేకలో చోటుంది, వేళ ఉంది, పారిపోవలసిన దిక్కు కూడా ఉంది. (“ఇవన్నీ చెప్పేస్తే ఇక శాఖ ఎందుకు?”) సవరించిన కేకను టైపు చేయించి ఇచ్చారు. చదువురాని మారెన్నకు నేనే కంఠతా పట్టించాను. అందులో ఒక్క మాట మారినా అతని పని పోతుంది.

“ఇట్ల అరిస్తే సద్ది తెచ్చే ఆ యమ్మ యాడ నిలబడల్ల సామీ?” అన్నాడు మారెన్న.

“అప్రమత్తంగా నిలబడాలి,” అన్నారు జ్ఞానరాజు గారు.

మరునాడు పరీక్ష. జ్ఞానరాజు గారు తూర్పు గుంత దగ్గర, ఆ రోజు మందు అందులోనే ఉందని తెలియక, కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. దారిలో ఉరుకుందమ్మ గంపతో వస్తోంది. మారెన్న వత్తి అంటించి అరిచాడు:

“ఎక్కడో, ఎప్పుడో, ఏదో పేలవచ్చును! మీ మీ పనులు చూసుకొనుడు!”

జ్ఞానరాజు గారు మెచ్చుకోలుగా తల ఊపారు. అరిచినవాడే పరుగెత్తడం చూసి తల ఊపడం ఆపారు.

“ఎక్కడయ్యా? ఎప్పుడు?”

“అది చెప్పగూడదు గదా సామీ! నా పని పోతాది!”

ఉరుకుందమ్మ గంప పారేసి ఆయన చొక్కా పట్టుకుంది. “కుర్చీలోనే సస్తావా సామీ? ఆయప్ప ఉరుకుతాండాడు, నువ్వూ ఉరుకు!”

నల్లబండ వెనక అందరం బతికాం. కుర్చీ నాలుగు ముక్కలైంది. గంపలో ఒక్క రొట్టె మిగిలింది. దుమ్ము దులిపి, అందులో సగం ఆమె జ్ఞానరాజు గారికే పెట్టింది. ఆయన తునక మిగల్చకుండా తిన్నారు.

ఆయన నివేదిక క్లుప్తంగా ఉంది: “నూతన హెచ్చరిక సఫలము. ప్రాణనష్టము లేదు. కుర్చీ తగినంత అప్రమత్తముగా లేదు.” సవరించిన కేక శాశ్వతమైంది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఉరుకుందమ్మ మారెన్న తలుపు తట్టింది. నేనూ వెంట ఉన్నాను.

“రేపు యాడ, మారెన్నా?”

మారెన్న వీధికి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “పడమటి గుంతలోక్కా. సరిగ్గా పన్నెండుకు. నల్లబండ దాటొద్దు.”

ఆ ఏడాది మా గనిలో ఒకరికి పనికొచ్చిన హెచ్చరిక అదే. మారెన్న నేరం చేసినవాడిలా, చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు.