ఇన్‌స్పెక్టరమ్మ చల్లగా ఉండాలి

మీ ఇంట్లో మీ మాట ఎవరూ వినడం లేదా? బతిమాలడం, అలగడం, అన్నం మానేయడం అన్నీ అయిపోయాయా? అయితే వెంటనే ఇంట్లో కేకుల వ్యాపారం పెట్టండి! కేకులు ఎవరైనా కొంటారా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందు ఫుడ్ ఇన్‌స్పెక్టరు వస్తారు. మీ బతుకు బాగుపడడానికి అది చాలు.

"ఇంట్లో నాలుగు కేకులు చేసుకోవడానికి కూడా లైసెన్సా?" అని మూతి విరిచేవాళ్ళని చూస్తే నాకు జాలి. నేనూ ఒకప్పుడు విరిచినదాన్నే. ఇప్పుడు నా మూతి తిన్నగా ఉంది.

అసలు సంగతి చెబుతాను. మా ఆడపడుచు ఒకసారి నా నిమ్మకాయ కేకు తిని, "వదినా, నువ్వు షాపు పెట్టచ్చు" అంది. ఊరికే తిన్నవాళ్ళు ఎవరైనా అనే మాటే అది. దాన్ని నమ్మేసిన మహాతల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మర్నాడే వీధి చివరి కాఫీ షాపాయనకి రుచి చూపించాను. ఆయన రెండో ముక్క కూడా అందుకుని, "రోజూ తీసుకుంటానమ్మా. కానీ లైసెన్సు ఉండాలి. లేకపోతే మీ కేకుతో పాటు నా షాపూ ఎగిరిపోతుంది" అన్నాడు.

నాకేం భయం? నా వంటిల్లు అద్దం! దానికి పట్టిన మరకలన్నీ మా వాళ్ళే. మా ఆయన ఫ్రిజ్ ముందు నిలబడి నీళ్ళ సీసాకి మూతి ఆనించి తాగుతారు. మా అబ్బాయి ఏ గిన్నె కనిపిస్తే ఆ గిన్నెలో వేలు పెడతాడు. మా అత్తగారి దువ్వెన కాపురం వంటగట్టు మీదే. పిల్లికి పిండి డబ్బా ఎక్కితే గానీ నిద్ర పట్టదు. కాపురానికొచ్చిన నాటి నుంచి చెబుతూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖం!

లైసెన్సుకి అర్జీ పెట్టగానే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల. "మీరు రోజూ చేసినట్టే చేయండి మేడమ్, నేను చూస్తాను" అంది.

చేశాను. గరిటెతో కాస్త తీసి రుచి చూసి, ఆ గరిటెనే మళ్ళీ గిన్నెలో దించాను. గాజులు పిండిలో స్నానం చేశాయి. కొంగుతో చెమట తుడుచుకుని, ఆ కొంగుతోనే వేడి ట్రే దించాను.

"మేడమ్, ఆ కొంగు..."

"ఉతికిందేనమ్మా!"

"కాదు, దాన్ని దేనికి వాడుతుంటారు?"

కాసేపు ఆలోచించాను. "అన్నిటికీ" అన్నాను.

పిల్లిని బయట ఉంచితే చాలంది. నన్ను బయట ఉంచితే కేకు చేసేదెవరు? అందుకని నన్ను ఫెయిల్ చేసింది.

పోతూ పోతూ మా వాళ్ళనీ వరసగా నిలబెట్టి చెప్పింది. "చేతులు కడుక్కోకుండా ఎవరూ లోపలికి రాకూడదు. ఈ దువ్వెన ఇక్కడ కనిపించకూడదు. పొగ బయటికి పోయే దారి ఉండాలి."

అంతే! సాయంత్రానికి దువ్వెన అల్మారాలోకి వెళ్ళిపోయింది. మా అబ్బాయి డాక్టరులా మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఆ ఆదివారమే మా ఆయన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించారు. ఇన్నేళ్ళుగా ఆ పొగలో నా కళ్ళు నీళ్ళు కారుతుంటే ఉల్లిపాయలనుకున్నారట!

ఉండబట్టలేక అడిగాను. "అత్తయ్యా, ఈ మాటలే నేను ఎన్నిసార్లు చెప్పాను?"

"నువ్వు చెబితే సణుగుడమ్మా. ఆవిడ చెబితే రూలు" అన్నారు అత్తగారు, చాలా ప్రేమగా.

చూశారా చట్టం మహిమ! నేనూ గాజులు తీశాను, తలకి టోపీ పెట్టాను, కొంగుని ఏప్రన్ కింద ఖైదు చేశాను. రెండోసారి పాసయ్యాను. నా కేకు కాఫీ షాపు అద్దాల బీరువాలో కూర్చుంది. నేను మాత్రం రోజుకి రెండుసార్లు ఏదో పనున్నట్టు ఆ వీధిలోంచి నడిచి, దాన్ని ఓరగా చూసుకుని వచ్చేదాన్ని.

ఇంతలో నాకు జ్వరం వచ్చింది.

జ్వరం ఉన్నవాళ్ళు అమ్మే ఆహారాన్ని ముట్టుకోకూడదని రూలు. ఆహా, ఏం రూలండీ! కాఫీ షాపాయనకి ఫోన్ చేస్తే, "హాయిగా పడుకోండమ్మా, కస్టమర్లకి అంటుకుంటే కష్టం" అన్నాడు. దుప్పటి ముసుగేశాను. పుట్టి బుద్ధెరిగాక చట్టబద్ధంగా పడుకోవడం అదే మొదలు.

మా ఆయన వచ్చి నుదుటి మీద చెయ్యి వేశారు. "అబ్బో, కాలిపోతోందే! కేకులు మానేశావు కదా?"

"మానేశాను."

"మంచి పని చేశావు. పాపం, ఎవరికైనా అంటుకుంటే?" అని నొచ్చుకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, "మరి ఇవాళ మనకేం చేస్తున్నావు?" అన్నారు.

వెంటనే ఇన్‌స్పెక్టరమ్మకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అత్తగారూ అబ్బాయీ కూడా గుమ్మంలోకి వచ్చారు.

"జ్వరంతో ఇంట్లోవాళ్ళకి వండచ్చా అమ్మా?"

"ఇంటి వంట మా పరిధిలోకి రాదు మేడమ్. అమ్మితేనే రూలు." అంది. "అయినా మీ ఇంట్లో ఇంకెవరూ వండరా?"

పాపం, పెళ్ళి కాలేదనుకుంటాను.

మా ఆయన మా అబ్బాయి వంక చూశారు. మా అబ్బాయి నాయనమ్మ వంక చూశాడు. ఆవిడ కిటికీలోంచి ఆకాశం వంక చూశారు. నేను లేచి, గోడ పట్టుకుని నడిచి, స్టవ్ వెలిగించాను. అందరూ బుద్ధిగా చేతులు కడుక్కుని భోజనానికి వచ్చారు.

కాబట్టి మహాజనులారా, ఈ దేశంలో నిబంధనలు మరీ ఎక్కువైపోయాయని గోల పెట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. నా లెక్కలో ఇంకా ఒకటి తక్కువే.