యలమంద మిరపరాశికై మెజెంటా సంగ్రామము

లారీల హారన్లే మంగళవాద్యములుగా, జిన్నింగు మిల్లుల నుండి ఎగిరివచ్చు దూదిపింజలే పుష్పవృష్టిగా విలసిల్లు చిలకలూరిపేట పట్టణమున, క్రీస్తుశకము రెండువేల అయిదవ వత్సరమున, కల్లములన్నియు మిరపకాయలతో అరుణారుణములై మెరయు మాఘమాసమున, బస్టాండు వెనుకసందులోని ఫొటోస్టూడియో అను మహాసామ్రాజ్యమును ఏలుచున్న ఛాయాచిత్రకళాధురంధరుడు, పాస్‌పోర్టుసైజుసార్వభౌముడు నాగూర్ వలి యొనర్చిన ఘోరరణమును వినుడు. తీరికలేనివారు బస్సు వచ్చువరకైనను వినుడు.

ఆ వీరుడు అంతకు ఆరునెలల మునుపు గుంటూరుపై దండెత్తి, ఫొటో ప్రింటర్లను వరుసగా నిలిపి, రంగురంగునకు వేరువేరు డబ్బా గలదానిని ఖరీదెక్కువని తిరస్కరించి, మూడు రంగులను ఒక్క కార్ట్రిడ్జిలోనే దాచుకొన్న అతిచౌక సుందరిని వరించెను. ఇంకు ధర యెంతయని అడుగవలెనను దివ్యజ్ఞానము ఆ మేధావికి ప్రింటరు ఇల్లు చేరిన పిదప కలిగినది. ఒక్క రంగు అడుగంటినచో తక్కిన రెండు రంగులతో సహా డబ్బాను పారవేయవలె. క్రొత్త డబ్బా ధర ఇంచుమించు ప్రింటరు ధరయే. గేదెను చౌకగా ఇచ్చి, గడ్డిని బంగారము ధరకు అమ్మినాడు ఆ దుకాణదారుడు.

అంతట వీరుడు గ్రహించిన పరమరహస్యమేమనగా, తెలుపునకు ఇంకు పట్టదు, ఎరుపు మాత్రము మెజెంటా యను ముదురు గులాబిరంగు సిరాను త్రాగివేయును. తక్షణమే స్టూడియోలోని ఎర్రతెర దించి తెల్లదుప్పటి కట్టెను. పత్తిరైతు వచ్చినచో కాఫీ తెప్పించును. మిరపరైతు వచ్చినచో కరెంటు లేదనును. అయినను మెజెంటా క్షీణించుచునే యుండెను. చూచిచూచి ఆయన ధర్మపత్ని అమీర్‌బీ ఒకనాడు తేల్చి చెప్పినది:

"ఏవండీ, ఈ నెల్లో ఇంకో డబ్బా కొన్నారంటే ఈ మిషను అటకెక్కుద్ది. మళ్లీ రీళ్లు పట్టుకుని గుంటూరు లాబ్ చుట్టూ తిరగండి."

డిజిటల్ యుగమును పేటకు తెచ్చితినని ఊరంతయు చాటుకొన్న మగవానికి అది మరణదండన. ఆ శాసనము వెలువడిన వారమునకే మిరపరైతు యలమంద ప్రత్యక్షమై, ముందునాడు వలిని కల్లమునకు లాగుకొనిపోయి తీయించుకొన్న ఫొటో కావలెనని కూర్చుండెను. అందులో ముందు మిరపరాశి, దాని వెనుక తెల్లచొక్కా తొడిగిన యలమంద.

"ఒరే వలీ, పెద్దసైజులో కొట్టు. దర్శిలో మా వియ్యంకుడు, నావి నకిలీ విత్తనాలని, చేలో వచ్చేదంతా తాలుకాయేనని పదిమందిలో నవ్వాడ్రా. ఇప్పుడు బస్సుకెళ్లి ఆయన ముందు పెడతా."

తాలుకాయ యనగా రంగు వెలిసి పాలిపోయిన మిరపకాయ. మిరపకాయలమ్ము మార్కెట్ యార్డులో దానిని చూచి వ్యాపారి మొగము త్రిప్పుకొనును. యంత్రము ఘీంకరించెను. యలమంద మీసము, చొక్కా, రాశి శిఖరము దేదీప్యమానముగా వెలువడినవి. ఆ పిదప మెజెంటా మూర్ఛిల్లినది. రాశి సగమునుండి క్రిందికి పసుపుసిరాయే మిగిలి, కాయలన్నియు పసుపుపచ్చగా పాలిపోయినవి.

"ఇదేందిరా! నా కాయని తాలు చేశావు! ఇది చూపిస్తే ఆయనే గెలిచినట్టు గదా!" అని యలమంద లేచి నిలిచెను.

"ఓరీ యంత్రాధమా! రైతు స్వేదఫలమును కళంకితము చేసిన సిరాపిశాచమా! నిన్నిప్పుడే ఖండఖండములుగా ఛేదించెద!" అని గర్జించుటకు వీరుడు నోరు తెరచెను. గుమ్మములో అమీర్‌బీ కనబడుటచే ఆ నోటినుండి, "కాసిని వేడినీళ్లియ్యవా?" అని మాత్రము వచ్చినది.

వేడి తడిగుడ్డతో కార్ట్రిడ్జి మూతి తుడిచి, విదిల్చి, మరల బిగించెను. కడపటి బొట్లు కొన్ని కదలినవి. అవి పోస్టుకార్డుసైజునకే చాలవు. యంత్రము ఎల్లప్పుడు పైనుండి అచ్చువేయును, క్రింది భాగమునకు వచ్చుసరికి చచ్చును. ఈ సత్యమును ధ్యానించిన వీరుని మెదడున మెరుపు మెరసినది: బొమ్మను తలక్రిందులు చేసినచో?

"బాబాయ్, ఇంకు ఒకదానికే ఉంది. కాయా, మొహమా?"

"మొహం ఎవడిక్కావాలిరా? ఆయన రోజూ చూసే మొహమేగా! కాయ కొట్టు!"

పోస్టుకార్డంత కాగితముపై తలక్రిందులైన యలమంద యంత్రగర్భమున ప్రవేశించెను. మొదట మిరపరాశి వచ్చినది, అడుగునుండి శిఖరము వరకు నిప్పువలె ఎర్రగా. పిదప తెల్లచొక్కా, దానికి ఇంకు అక్కరలేదు. మెడయొద్ద మెజెంటా వీరస్వర్గమలంకరించినది. ఆపై వచ్చిన వదనము పండిన దోసకాయ.

అమీర్‌బీ తొంగిచూచి, "అయ్యో, ఈయనకి కామెర్లా?" అనినది.

యలమంద ఫొటోను వెలుతురుకు పట్టి, కాయ కాయనూ కన్నులతో తడిమి చూచెను. ఆ కన్నులు చెమర్చినవి.

"కామెర్లు నాకమ్మా. పంటకి కాదు. ఒక్క తాలుకాయ లేదు!"

అని ఫొటోను గుండెజేబులో పెట్టుకొని బస్సునకు పరుగెత్తెను. ఆ విధముగా క్రొత్త డబ్బా కొనకుండ, ప్రింటరు అటకెక్కకుండ, పోస్టుకార్డంత రణరంగమున నాగూర్ వలి దిగ్విజయమందెనని దిక్కులన్నిటికి చాటుడు. మరునాటి మిరపరైతుకు మాత్రము కరెంటు లేదు.